ఇరవయ్యో బొంత

జిల్లా రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది, జూన్ రెండో వారంలో నన్ను కోటగిరి మండలంలోని ఒక ఊరికి మూడు నెలల డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నా హోదా సీనియర్ టైలరింగ్ ఇన్‌స్ట్రక్టర్. నిజామాబాద్‌లో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. డెప్యుటేషన్ అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాటలో చెబుతాను: జీతం పాత చోట, చాకిరీ కొత్త చోట. రోజూ పొద్దున కంఠేశ్వర్‌లో మా ఇంటి నుంచి బస్టాండుకు ఆటో, అక్కడి నుంచి బోధన్ బస్సు, బోధన్‌లో దిగి ఇంకో బస్సు. ఆ దారిలో చెరుకు బండ్ల వెనక బస్సు ఇరుక్కుంటే కదలడానికి గంట పట్టేదని పాత కండక్టర్లు చెప్పేవారు. నేను తిరిగేనాటికి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చెరుకు చాలావరకు పోయి, కాలువ కింద అంతా వరే కనిపించేది.

సెంటరు ఊళ్ళోని మహిళా సంఘం భవనంలో. పది కుట్టు మిషన్లు, ఇరవై మంది ట్రైనీలు. సగం మంది ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళు, మిగతావాళ్ళు వరి, పసుపు పండించే ఇళ్ళవాళ్ళు. మొదటి వారమంతా పాత పేపర్ల మీద కొలతలు గీసి కత్తిరించడం. రెండో వారం కచ్చా కుట్టు, అంటే మిషన్ ఎక్కే ముందు గుడ్డ జరగకుండా చేత్తో వేసే దూరపు కుట్టు. ఆ తర్వాతే మిషన్. ఈ వరస నేను ఎవరికోసమూ మార్చేదాన్ని కాదు. అంగుళానికి పది కుట్లు పడాలి. తొమ్మిది పడితే విప్పించేదాన్ని. మెడలో ఎప్పుడూ టేపు వేలాడేది కాబట్టి నా వెనక నన్ను ‘టేపు మేడం’ అనేవారని తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

కోర్సు చివర్లో నిజామాబాద్‌లో మూడు రోజుల ప్రదర్శన, అమ్మకం ఉంటుంది. దానికి ఏ సెంటరు ఏం పంపాలో పై ఆఫీసు నుంచి ముందే ఒక కాగితం వస్తుంది. దాన్ని ఇండెంటు అంటారు. మా ఇండెంటులో నలభై చేసంచులు, పసిపిల్లలకు వేసే చిన్న బొంతలు ఇరవై ఉన్నాయి. బొంత కొలత ముప్పై ఆరు అంగుళాల పొడవు, ముప్పై వెడల్పు. గుడ్డ తప్పనిసరిగా కొత్తది, నూలుది అయి ఉండాలి. ఈ చివరి నియమం చదివి వినిపించగానే హాలంతా నవ్వింది. నాకు అర్థం కాలేదు. గంగామణి అనే ట్రైనీ, ముప్పై ఏళ్ళ మనిషి, నోటికి తాళం లేని మనిషి, లేచి చెప్పింది: “కొత్త గుడ్డ పసిపోరగాండ్ల కింద ఎవలేస్తరు మేడం? గర్రగర్ర ఉంటది. పాత చీరలైతె మెత్తగుంటయి. మా దిక్కు పురుడు ఎల్లెదాంక బిడ్డకు కొత్త బట్టనే తొడగరు.”

మా ఇళ్ళల్లోనూ అంతేనని నాకు తెలియక కాదు. కానీ నేను కాగితం మనిషిని. అమ్మే సరుకుకూ ఇంటి సరుకుకూ తేడా ఉంటుందని, కొన్నవాళ్ళు ఉతుక్కుని మెత్తబరుచుకుంటారని చెప్పి కూర్చోబెట్టాను.

లస్మవ్వ గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె ట్రైనీ కాదు. కోర్సుకు నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళను తీసుకోరు, ఆమెకు యాభై అయిదు పైనే ఉంటాయి. సంఘం భవనం తాళంచెవి ఆమె దగ్గర ఉండేది. పొద్దున తెరిచి, ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, సాయంత్రం తాళం వేసేది. మధ్యలో ఇంటికి పోకుండా హాలు మూలకు చాప పరుచుకుని ఒక చిన్న బొంత కుట్టుకుంటూ కూర్చునేది. నడుముకు ఆకూవక్కల సంచి ఒకటి దోపుకుని ఉండేది. నాలుగు అరలు, లాగితే మూసుకుపోయే తాడు, అంచుకు ఎర్ర గుడ్డ. ఎంత బాగా కుట్టారో చూద్దామని ఒకసారి అడిగితే చేతికిచ్చింది. చేతికుట్టే, కానీ ఒక్క దారమూ పైకి లేవలేదు. ఎవరు కుట్టారని అడిగాను.

“సాయవ్వ. నా దోస్తు,” అంది.

మిగతాది గంగామణి చెప్పింది. లస్మవ్వ, సాయవ్వ ఒకే ఊళ్ళో పుట్టి, ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. ఇళ్ళు ఎదురెదురు. ఏ పండక్కి ఏమి కొనుక్కున్నారో ఎవరికీ గుర్తుండదు కానీ, ఒకరికొకరు ఏం కుట్టిచ్చుకున్నారో ఊరంతా చెబుతుంది. లస్మవ్వ ఇద్దరు కొడుకుల కింద పరిచిన బొంతలు సాయవ్వ కుట్టినవే. సాయవ్వకు ఒక్కతే కూతురు, రాజమణి. ఇందల్వాయిలో ఇచ్చారు. కిందటి ఏడాది సాయవ్వ జబ్బుచేసి పోయింది. ఆచారం ప్రకారం ఆమె బట్టలన్నీ ఇంట్లోంచి తీసి ఇచ్చేశారు. రెండు చీరలు మాత్రం మిగిలాయి, అవి కూడా లస్మవ్వ ఇంట్లో. ఎవరి పెళ్ళికో కట్టుకుందామని అడిగి తెచ్చుకుని తిరిగి ఇవ్వడం మరిచిపోయిన చీరలు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి ఇటుకరంగుది.

ఇప్పుడు రాజమణి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. తొలిచూలు బిడ్డకు బొంత కుట్టాల్సింది తల్లి. ఆ తల్లి లేదు కాబట్టి లస్మవ్వ కుడుతోంది. ఆ రెండు చీరలూ పై పొరకు, కింది పొరకు. నడుమ లస్మవ్వవీ, సాయవ్వతో నాట్లకు పోయిన మరికొందరు ఆడవాళ్ళవీ పాత చీరల ముక్కలు. చనిపోయిన మనిషి బట్ట పసిబిడ్డ కిందా అని ఒకరిద్దరు నసిగారట. “అమ్మమ్మ చీర గద. ఆమె ఒళ్ళె పండుకున్నట్టే,” అని లస్మవ్వ వాళ్ళ నోరు మూయించిందట.

ఇదంతా గంగామణి నాకు చెప్పింది నిజమే. కానీ ఎప్పుడు చెప్పింది అన్నదే అసలు సంగతి. అంతా అయిపోయాక చెప్పింది.

జూలైలో నాట్లు మొదలయ్యాయి. ట్రైనీలు పది మంది కూడా వచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు చేతులు బురదకు నానిపోయి సూది పట్టుకోలేక అవస్థ పడేవారు. చేసంచులు ఎలాగో పూర్తయ్యాయి. బొంతల దగ్గర వెనకబడ్డాం. ఆగస్టు మూడో వారంలో, సరుకు పంపాల్సిన రోజు, నేను పొద్దున నుంచి తనిఖీ చేశాను. తనిఖీ అంటే ప్రతి బొంతనూ బల్ల మీద పరిచి, నాలుగు అంచులూ కొలిచి, మూడు చోట్ల కుట్లు లెక్కపెట్టి, వెనకకు తిప్పి దారం ముడులు చూసి, అన్నీ సరిపోతే మూలకు ఒక చీటీ కుట్టడం. చీటీ పడితే అది ఇక సెంటరు సరుకు. సాయంత్రానికి పందొమ్మిది చీటీలు పడ్డాయి. ఇరవయ్యో బొంత కుట్టాల్సిన అమ్మాయి జ్వరంతో నాలుగు రోజులుగా రాలేదు. ఆమెది కచ్చా కుట్టు దగ్గరే ఆగిపోయి ఉంది.

నా సర్వీసులో అప్పటివరకు ఇండెంటు తక్కువ పంపలేదు. ఆ మాట పై ఆఫీసులో నలుగురి ముందు అనిపించుకోవడం కూడా నాకు అలవాటు. పందొమ్మిది అని రాయడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు లస్మవ్వ బొంత కంటపడింది. అంతకు ముందు రోజే పూర్తయింది కాబోలు, అంచులు చదును కావడానికి బల్ల చివర మడత పెట్టి పైన ఇస్త్రీపెట్టె బరువు ఉంచింది. తీసి విప్పాను. ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా వేలకు వేల కుట్లు వెళ్ళాయి కానీ అలాంటి చేతికుట్టు చూడలేదు. అంచు నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ లోపలికి, నడిమధ్యకు వచ్చి ఆగింది వరస. ఎక్కడా వంకర లేదు, ఎక్కడా గుడ్డ ముడుచుకోలేదు. అంగుళానికి పది కాదు, ఆరో ఏడో. అయినా టేపు పెట్టాలనిపించలేదు. ఆకుపచ్చ మీద తెల్ల దారం.

“ఎంత మంచిగున్నది! ఇసొంటిది ఒక్కటి నాకుంటే ఇంకేం కావాలె!” అన్నాను గట్టిగా. పక్కనే లస్మవ్వ ఉంది. గుండె నిండా మెచ్చుకుని అన్న మాట అది. ఇంకే ఉద్దేశమూ లేదు. తర్వాత, దీన్ని కూడా వీటితో పంపిద్దామా అక్కా, లెక్క సరిపోతుంది, అని అడిగాను. ఆమె నా మొహం ఒక్క క్షణం చూసింది.

“మీ ఇష్టం మేడం. తీస్కోన్రి,” అంది.

హాల్లో ఉన్న ఏడెనిమిది మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా మాటలాపడం నాకు వినిపించింది. గంగామణి లేవబోయి కూర్చుంది. దీన్ని నేను గమనించలేదని చెప్పడం అబద్ధం అవుతుంది. గమనించాను. ట్రైనీ కాని మనిషి కుట్టింది ప్రదర్శనకు పోతోందని అలిగారేమో అనుకున్నాను. పైగా పాత గుడ్డ. కొత్త గుడ్డే ఉండాలని రెండు నెలలుగా పాడిన నియమాన్ని నేనే తొక్కి, ఇరవయ్యో చీటీ కుట్టాను. కుట్టి, తాపీగా బోధన్ బస్సెక్కాను.

ప్రదర్శన బాగా జరిగింది. మొదటి రోజు మొదట అమ్ముడైంది ఆ బొంతే. అది ముగిసిన మర్నాడు, సోమవారం, సెంటరుకు వెళ్ళేసరికి ట్రైనీలు రాజమణి కొడుకు సంగతి మాట్లాడుకుంటున్నారు. బిడ్డ పుట్టి పద్దెనిమిది రోజులు. గురువారం తొట్టెల, అంటే ఇరవై ఒకటో రోజున బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసే వేడుక. ఎవరేం తీసుకుపోతున్నారని అడిగాను. ఒకరు వెండి మొలతాడు, ఒకరు బట్టలు అన్నారు. లస్మవ్వ ఏం పెడుతోందని మాటవరసకు అడిగాను.

గంగామణి ఇక పట్టలేకపోయింది.

“ఆమె బొంత మీరు తీస్కపోతిరి గద మేడం! ఇగ ఏం పెడ్తది?”

నేనెప్పుడు తీసుకున్నాను, అడిగే కదా పంపాను, ఆమె సరే అంది కదా అని గొంతు పెంచాను. అప్పుడు చెప్పింది గంగామణి, పైన రాసిన కథంతా. చివర్లో నాకు తెలియని ముక్క ఒకటి చెప్పింది. నేను ‘ఇసొంటిది నాకుంటే’ అన్నానట. ఆ మాట బిడ్డ కోసం కుట్టిన వస్తువు మీద పడితే, ఆ వస్తువు అడిగినవాళ్ళకు ఇచ్చేయాలి. దాచుకుంటే ముచ్చటపడిన కన్ను బిడ్డకు తగులుతుంది. అందుకే లస్మవ్వ ఇచ్చేసింది. ట్రైనీలు నాకు చెబుతామంటే వద్దని ఒట్టు వేయించుకుంది.

“మీరు అడిగిండ్రు అనుకున్నది మేడం. అడిగినంక ఇయ్యకుంట ఎట్లుంటది?”

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సాయవ్వ కట్టిన బట్టల్లో ఆ రెండు చీరలు తప్ప ఈ లోకంలో ఇంకో దారప్పోగు లేదు. వాటిని నేను నా ఇండెంటు నింపుకోవడానికి అమ్మేశాను. లస్మవ్వ ఆ సమయానికి బయట వాకిలి ఊడుస్తోంది. ఆమె దగ్గరికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. వట్టి చేతులతో వెళ్ళి క్షమించమంటే ఆమె “ఏం కాదు మేడం” అంటుంది, అది నాకు తెలుసు. ఆ మాట వినడానికి నేను సిద్ధంగా లేను. గురువారానికి మూడు రోజులే ఉన్నాయి.

స్టాల్లో కూర్చున్న ట్రైనీకి కొన్న మనిషి గుర్తుంది. కంఠేశ్వర్‌లో పిల్లల డాక్టరమ్మ, దవాఖానలో గోడకు పెట్టుకుంటానని చెప్పి కొనుక్కుందట. మా ఇంటికి నాలుగు వీధుల అవతల! మధ్యాహ్నమే సెలవు చీటీ రాసి వెళ్ళాను. బయట కూర్చున్న అమ్మాయి, డాక్టరమ్మతో మాట్లాడాలంటే టోకెను తీసుకోవాల్సిందే అంది. తీసుకున్నాను, పద్నాలుగో నంబరు. ఏడ్చే పిల్లల మధ్య చేసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా గోడ మీదే ఉంది బొంత. అద్దాల ఫ్రేముకు కొలతలు ఇచ్చినట్టున్నారు, ప్రస్తుతానికి పైన రెండు క్లిప్పులతో వేలాడుతోంది. మేకులు కొట్టలేదని చూసి ఊపిరి పీల్చుకున్నాను.

నా వంతు వచ్చి లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మ నా వెనక చూసి, “పాప ఏది?” అంది. నలభై ఏళ్ళుంటాయేమో, చకచకా మాట్లాడే మనిషి. బాబు కోటగిరి దగ్గర ఉన్నాడని, ఇంకా తొట్టెల కాలేదని, ఆమె గోడకు వేలాడుతున్నది ఆ బిడ్డ పక్క అని చెప్పాను. తప్పు నాదేనని మొదటే చెప్పేశాను. ఇంకెవరి మీదకో నెట్టే వీలు వెతుక్కునే వయసు కాదు నాది. ఆమె నేను పూర్తిచేసేదాకా ఆగలేదు. లేచి బయటికి వెళ్ళి తనే కుర్చీ ఎక్కి క్లిప్పులు తీసింది.

“నేను గోడకు ఎందుకు పెట్టిన్నో తెలుసా? మా నాయినమ్మ కుట్టింది నాక్కూడా ఒకటి ఉండె. హాస్టల్‌కు పోయేటప్పుడు పాతగున్నదని ఇంట్ల వదిలేసి పోయిన. తర్వాత అడిగితె ఇల్లు తుడిచే గుడ్డ అయిందన్నరు,” అంది బొంత మడతపెడుతూ. దుమ్ము పడకుండా తన కుర్చీకి వేసి ఉన్న పాత నూలు చున్నీ తీసి దానిలో చుట్టింది. బదులుగా ఏమీ వద్దంది. నేను నా చేత్తో కుట్టుకుని పదేళ్ళుగా వాడుతున్న సంచి ఖాళీ చేసి ఆమె బల్ల మీద పెట్టాను. దాని మీద మాత్రం ఆమె మొహమాటపడలేదు. అప్పటికప్పుడు జిప్పు లాగి అరలు చూసుకుంది.

మర్నాడు మంగళవారం బొంత తీసుకుని సెంటరుకు వెళ్ళాను. ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. బస్సులో రెండుసార్లు చున్నీ విప్పి చూసుకున్నాను. లస్మవ్వ చేతిలో పెడితే ఆమె మొహం ఎలా వెలుగుతుందో దారి పొడుగునా ఊహించుకుంటూ వెళ్ళాను.

ఎక్కడ దొరికిందో చెప్పి అందించాను. ఆమె చెయ్యి చాపలేదు.

“వద్దు మేడం. మీరు ముచ్చటపడ్డరు. ఇంకెవలో ముచ్చటపడి గోడకు పెట్టుకున్నరు. గా బొంత ఇగ పోరగాని కింద ఎట్లేస్త?” అంది. కోపంగా కాదు, మామూలుగా. నీళ్ళ కుండ పక్కన నిలబడి ఉంది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. కళ్ళు మాత్రం చున్నీలోంచి కనిపిస్తున్న ఆకుపచ్చ ముక్క మీదే ఉన్నాయి.

దిష్టీ గిష్టీ ఏమీ లేదని వాదించబోయాను. ఇరవై ఆరేళ్ళు ఆడవాళ్ళకు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. ఆమె నమ్మకం తప్పో ఒప్పో తేల్చడం కాదు ఇప్పుడు పని. ఆ బొంత గురువారం నాటికి ఆ తొట్టెలలో ఉండాలి. ఇప్పుడు ఏం చేస్తే ఇది పనికొస్తుందో నువ్వే చెప్పు అక్కా, నేను చేస్తాను అన్నాను. అప్పటిదాకా ట్రైనీల ముందు ఎవర్నీ అలా అడిగింది లేదు.

ఆమె వెళ్ళి చాప మీద కూర్చుంది. సంచిలోంచి వక్కముక్క తీసి బుగ్గన పెట్టుకుంది.

“కట్టుకున్న చీర పాతదేనా?” అని అడిగింది చివరికి.

నా ఒంటి మీద నీలం నూలు చీర. డ్యూటీకి కట్టుకునేది, ఏడేళ్ళ పాతది. అవునన్నాను.

“అయితె అండ్ల ముక్క కలుపున్రి. మీ చేతితోని కుట్టున్రి. బొంతల చెయ్యి పెట్టినోళ్ళ కన్ను బొంతకు తాకది.”

ఇంకో మాట అడగకుండా తలుపు చాటుకు వెళ్ళి, చీర లోపలి చెరగు జానెడు కత్తిరించాను. ముప్పై ఆరంగుళాల కత్తిరింపులు నేర్పే మనిషిని, ఆ జానెడు గుడ్డ వంకరగా తెగింది. తెచ్చి ఇస్తే ఆమె డాక్టరమ్మ చున్నీ వైపు చూపించి, ఇదెవరిదని అడిగింది. చెప్పాను. “గామెది గూడ ఒక ముక్క తియ్యున్రి,” అంది. ప్రదర్శనలో ఇంకా ఎంతోమంది చూసి ఉంటారే అని నాకు భయం వేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. లస్మవ్వ మొదటిసారి నవ్వింది.

“సూసినోళ్ళు సూసి పోయిండ్రు మేడం. నాకు కావాలె అనుకున్నది మీరిద్దరే.”

బొంత వెనక మూలకు ఆ రెండు ముక్కలూ వేసి కుట్టడం మొదలుపెట్టాను. ట్రైనీలు మిషన్లు ఆపి చుట్టూ చేరారు. చీటీ ఊడదీసిన చోట సూది రంధ్రాలు ఇంకా ఉన్నాయి, ముక్కలు వాటిని కప్పాయి. అలవాటైన చెయ్యి కదా, ఒక వైపు అయిదు నిమిషాల్లో పూర్తిచేశాను. అంగుళానికి పది కుట్లు, గీత గీసినట్టు. లస్మవ్వ తీసుకుని వేలితో ఆ అంచు మీద ఒకసారి రాసింది. తల అడ్డంగా ఊపింది.

“దారం గుంజి కుట్టిండ్రు. పోరగాని ఈపుకు ఒత్తుకుంటది. ఇప్పున్రి.”

హాలు పగలబడి నవ్వింది. గంగామణి ఏకంగా టేపు తెమ్మంటారా మేడం అని అడిగింది. నేను కూడా నవ్వాను. నవ్వుతూ విప్పాను. రెండోసారి కుట్టినదీ ఆమెకు నచ్చలేదు, దగ్గరదగ్గరగా పడ్డాయంది. కుట్టు దగ్గరైతే గుడ్డ బిగుసుకుంటుందనీ, వదులు కుట్టులో గాలి ఉంటుందనీ, బిడ్డ పెరిగి కాళ్ళు తన్నినా అదే సాగి ఊరుకుంటుందనీ చెప్పింది. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని నాలుగు కుట్లు వేయించింది. మూడోసారి వేలితో రాసి చూసి, “నడుస్తది,” అంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు వచ్చిన మెచ్చుకోళ్ళలో దాన్ని మించింది నాకు గుర్తులేదు.

గురువారం ఒక పూట సెలవు పెట్టి తొట్టెలకు వెళ్ళాను. సాయవ్వ ఇంట్లో నడిమి అర్రలో దూలానికి తొట్టె వేలాడదీశారు. రాజమణి పీట మీద కూర్చుని ఉంది, ఇరవై రెండేళ్ళ పిల్ల, తల్లి లేని కాన్పు మొహంలో తెలుస్తూనే ఉంది. లస్మవ్వ బొంత తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల మడత విప్పి తల్లి ఆకుపచ్చ చీర చూసి, ఇటుకరంగు గుడ్డ చూసి, రెండు చేతులతో మొహానికి అదుముకుంది. “మా అవ్వది... మా అవ్వది గదే పెద్దమ్మా,” అని ఒక్కసారిగా గొల్లుమంది. శుభమా అని ఏడుపేమిటని ఎవరూ అనలేదు. అందరి కళ్ళూ తడిగానే ఉన్నాయి, నావి కూడా.

తేరుకున్నాక ఆమె బొంతను ఇటూ అటూ తిప్పి చూసుకుంది. నడుమ ఏ ముక్క ఎవరిదో అడుగుతూ వచ్చింది. లస్మవ్వ ఒక్కొక్కరి పేరే చెప్పింది. వెనక మూలకు వచ్చేసరికి ఆ పిల్ల వేలు నీలం గుడ్డ మీద ఆగింది.

“గిది ఎవలది పెద్దమ్మా?”

ఆ రోజు సెంటరు హాల్లో ఉన్న ఆడవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. జరిగిందంతా చెప్పడానికి ఆమెకు హక్కుంది. చెప్పినా నేను తల వంచుకుని వినేదాన్ని.

“మన టీచరమ్మది,” అంది లస్మవ్వ. “పోరగానికోసమని కట్టుకున్న చీర కోసి ఇచ్చింది.”

బిడ్డను దాని మీద పడుకోబెట్టి తొట్టెలో వేశారు. పాట ఎత్తుకునేలోపే వాడు బొంత తడిపాడు.

ఆ సెంటరు ముగిశాక నేను ఇంకో ఆరు చోట్ల పనిచేసి రిటైరయ్యాను. ఈ సంగతి నుంచి నేర్చుకున్నది ఒక్కటే. మా వంటి ఉద్యోగాల్లో మెచ్చుకోవడం కూడా అధికారం చేసే పనే. మేడం ‘బాగుంది’ అంటే ఎదుటి మనిషికి అది మెప్పులా వినిపించదు, ఇమ్మన్నట్టు వినిపిస్తుంది. ఆమె ‘మీ ఇష్టం’ అంటే అది ఒప్పుకోవడం కాదు, కాదనలేకపోవడం. ఈ తేడా ఏ శిక్షణలోనూ మాకు చెప్పలేదు, నేను కూడా నా కింద పనిచేసిన ఇన్‌స్ట్రక్టర్లకు చెప్పకుండానే చాలా ఏళ్ళు గడిపాను. ఆ తర్వాత నుంచి ఏ సెంటరులో ఎవరి చేతిలో ఏ కుట్టు చూసినా, ముందు ఇది ఎవరికి కుడుతున్నావని అడిగేదాన్ని. ఒక పేరు చెబితే, ఆ వస్తువును చేతుల్లోకి తీసుకోకుండా అక్కడ నిలబడే చూసేదాన్ని.